కాన్పుకు ముందే అడగండి

ఏఎన్ఎంగా చేరి, హెల్త్ సూపర్‌వైజర్‌గా రిటైరయ్యాను. కరోనా వచ్చింది నా సర్వీసు చివరి ఏళ్లలోనే. బాలింతలకు గర్భనిరోధక సేవలు అందించడం గురించి అప్పుడు తెలిసినవి, ఇప్పుడు ఉద్యోగంలో చేరుతున్న అమ్మాయిల కోసం రాస్తున్నాను.

1. కాన్పులు ఆగవు. 2020 మార్చి 25న దేశమంతా లాక్‌డౌన్ పెట్టారు. బస్సులు నిలిచిపోయాయి, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల క్యాంపులు ఆగిపోయాయి. హైదరాబాద్‌లో గాంధీ ఆసుపత్రిని కరోనాకే కేటాయించారు. అయినా నొప్పులొచ్చిన ఆడవాళ్లు 108 ఎక్కి వస్తూనే ఉన్నారు. ఆ రోజుల్లో ఒక తల్లి ఆసుపత్రి గడప తొక్కే సందర్భం చాలాసార్లు అదొక్కటే. మళ్లీ ఎప్పుడొస్తుందో తెలియదు. ఆమె కోరుకున్న పద్ధతి అప్పటికి ఇవ్వదగినదైతే, డిశ్చార్జి అయ్యేలోపే అందాలి.

2. గడువులు నోటికి రావాలి. మాయ పడిన పది నిమిషాల్లోపు, లేదంటే 48 గంటల్లోపు కాపర్-టి వేయొచ్చు. అది దాటితే ఆరు వారాలు ఆగాలి. ట్యూబెక్టమీకి ఏడు రోజుల్లోపు, లేదా ఆరు వారాల తర్వాత. మామూలు రోజుల్లో “ఆరు వారాలు పోయాక రామ్మా” అంటే సరిపోయేది. లాక్‌డౌన్‌లో ఆ ఆరు వారాలు ఎన్ని నెలలకు సాగుతాయో ఎవరూ చెప్పలేకపోయారు. మా మండలంలో ఒకామెకు రెండో కాన్పు ఏప్రిల్‌లో అయింది. బిడ్డ కాస్త నిలదొక్కుకున్నాక ఆపరేషన్ చేయిద్దామన్నారు ఇంట్లోవాళ్లు. ఆపరేషన్లు మళ్లీ మొదలై కబురు పెట్టేసరికి ఆమెకు మూడో నెల. చంకలో పసిబిడ్డతో వచ్చి, “ఇంకా ముట్టే కాలేదు కదమ్మా, కడుపెలా వచ్చింది?” అని అడిగింది.

3. ఆ ప్రశ్నకు జవాబు ప్రతి బాలింతకూ ముందే తెలియాలి. నెలసరి మొదలవకముందే అండం విడుదల కావచ్చు. పాలిస్తుంటే గర్భం రాదన్న నమ్మకానికి మూడు షరతులున్నాయి: బిడ్డకు ఆరు నెలలు నిండకూడదు, తల్లికి నెలసరి రాకూడదు, రాత్రీ పగలూ తల్లిపాలు తప్ప మరేమీ పట్టకూడదు. వీటిలో ఏ ఒక్కటి తప్పినా ఆ ధీమా పెట్టుకోకూడదు.

4. నొప్పులు పడుతున్న మనిషిని అడగొద్దు. ఆ బాధలో ఆమె దేనికైనా తలూపుతుంది, దాన్ని ఒప్పుకోలు అనలేం. ఎనిమిదో నెలలో, తొమ్మిదో నెలలో పరీక్షకు వచ్చినప్పుడే తీరిగ్గా కూర్చోబెట్టి అన్ని పద్ధతులూ చెప్పండి. ఆమె ఏది కోరుకుంటే అది కార్డు మీద రాయండి. వద్దంటే వద్దనే రాయండి. మళ్లీ దొరకదేమోనన్న తొందరలో అడక్కుండా కాపర్-టి వేయడం దౌర్జన్యమే. ఈ మాట మీద నాతో ఎంతమంది వాదించినా నేను మారను.

5. చాటుగా మాట్లాడే చోటు వెతకండి. ఈ విషయాలన్నీ చెవిలో చెప్పేవి. కరోనాలో దూరం పాటించాలి. మాస్కు పెట్టుకుని మనం వాకిట్లో, బాలింత లోపలి గుమ్మం దగ్గర, మధ్యలో వసారాలో మంచం మీద మామగారు. బెంగళూరులో పనులు ఆగి తిరిగొచ్చిన భర్త కూడా ఇంట్లోనే. నిరోధ్ కావాలా అని అంత దూరం నుంచి ఎలా అడుగుతాం? మా ఆశా కార్యకర్త ఒకమ్మాయి, బిడ్డను తూకం వేయాలంటూ బాలింతను పెరట్లోకి పిలిచేది. రెండు మాటలు చెప్పి, ఆమె ఒప్పుకుంటే ఐరన్ మాత్రల కవర్లోనే అడుగున ప్యాకెట్లు పెట్టి ఇచ్చేది. ఫోన్లో చెబుదామా అంటే చాలా ఇళ్లలో ఫోన్ ఉండేది భర్త జేబులో.

6. దారులు మూసుకుపోకముందే సరుకు ఇంటికి చేర్చండి. ఛాయా మాత్ర పాలిచ్చే తల్లులు వేసుకోవచ్చు. మొదటి మూడు నెలలు వారానికి రెండు, ఆ తర్వాత వారానికి ఒకటి. నెలకొక షీటు కాకుండా మూడు నెలలకు సరిపడా ఇవ్వండి. అంతరా ఇంజెక్షన్ మూడు నెలలకోసారి. నాలుగు వారాల దాకా ఆలస్యమైనా వేయొచ్చు. ఇది తెలియక, తేదీ దాటిందని మానేసినవాళ్లున్నారు. మాలా-ఎన్ మాత్రం పాలిచ్చే తల్లికి ఆరు నెలలదాకా ఇవ్వొద్దు.

7. ఒక్క ఆపరేషన్‌నే నమ్ముకోవడం మన రాష్ట్రానికి పాత అలవాటు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్ వివాహితల్లో సుమారు 70 శాతం మంది ట్యూబెక్టమీ చేయించుకున్నవాళ్లే. వేసెక్టమీ చేయించుకున్న మగవాళ్లు వందకు ఒక్కరు కూడా లేరు. అందుకే ఆపరేషన్ థియేటర్లు ఆగగానే మన ఆడవాళ్లకు వేరే దారి తోచలేదు. భర్తలను కూడా కూర్చోబెట్టి మాట్లాడండి. కోతా కుట్టూ లేని వేసెక్టమీ ఉందనీ, చేయించుకున్నాక మూడు నెలలు నిరోధ్ వాడాలనీ వాళ్లకు ఎవరూ చెప్పరు.

8. పుట్టింటికీ అత్తింటికీ మధ్య బాలింత తప్పిపోతుంది. కాన్పు పుట్టింట్లో, మూడో నెలకో ఐదో నెలకో అత్తింటికి. ఆమె మీ ఊరి మనిషంటే మీ ఊరి మనిషని రెండు ఊళ్ల ఆశాలూ అనుకుంటారు. లాక్‌డౌన్‌లో ఎక్కడివాళ్లు అక్కడే చిక్కుకుపోయినప్పుడు ఈ లోటు బాగా కనిపించింది. కార్డు మీద రెండు ఊళ్ల ఏఎన్ఎంల నంబర్లూ రాయండి. బాలింత ఊరు మారిన రోజే అవతలి ఏఎన్ఎంకు ఫోన్ చేసి, ఆమె ఏ పద్ధతి వాడుతోందో, తర్వాతి డోసు ఏ తేదీకో చెప్పండి. ఆమె అనుమతి ముందే తీసుకోండి, అత్తగారి ఎదుట మాత్రం అడగొద్దు.