కంపెనీ తిరిగిచ్చిన పెట్రోల్ డబ్బు మీ ఆదాయమేనా?
(అన్నదాత సుఖీభవ – పీఎం కిసాన్ లబ్ధిదారుల కోసం)

అన్నదాత సుఖీభవ కింద రాష్ట్రం ఇచ్చే 14,000, పీఎం కిసాన్ కింద కేంద్రం ఇచ్చే 6,000 కలిపి మీకు ఏడాదికి 20,000 రూపాయలు. గత అసెస్‌మెంట్ సంవత్సరంలో ఆదాయపు పన్ను కట్టినవారికి ఇది రాదు. పొలంతో పాటు బయట కాంట్రాక్టు పనులు చేసుకునే రైతులకు ఈ నిబంధన దగ్గరే భయం. "కంపెనీ నా డబ్బులో టీడీఎస్ పట్టుకుంది సార్, ఇక నేను ట్యాక్స్ కట్టినట్టేనా? రిటర్న్ వేస్తే పథకం పోతుందా?" అని అడుగుతుంటారు. నిజానికి వేయకపోతేనే నష్టం. ఒక లెక్క చూద్దాం.

మీకు రెండెకరాలు ఉన్నాయనుకోండి. మిగతా రోజుల్లో ఒక సెల్ టవర్ల కంపెనీకి కాంట్రాక్టు మీద కరెంటు పని చేస్తున్నారు. అక్కడ మీరు ఉద్యోగి కాదు, పీఎఫ్ లేదు, జీతం చీటీ లేదు. మజూరీ నెలకు 25,000. పెట్రోల్, వైరు, ఫ్యూజులకు మీ జేబులోంచి పెట్టిన 10,000 దాకా కంపెనీ తిరిగిస్తుంది. ఏడాదికి మజూరీ 3,00,000, ఖర్చులు 1,20,000.

చాలామంది రెండూ కలిపి ఒకే బిల్లు రాసిస్తారు. చిక్కు అక్కడే. కాంట్రాక్టు చెల్లింపులు ఏడాదిలో లక్ష దాటితే కంపెనీ 1 శాతం టీడీఎస్ పట్టుకోవాలి (పాన్ ఇవ్వకపోతే 20 శాతం!). ఒకే బిల్లు కాబట్టి 4,20,000 మీద 4,200 పోతుంది. ఫారం 26ఏఎస్‌లో మీ పేరున 4,20,000 వచ్చినట్టు పడుతుంది. అందులో లక్షా ఇరవై వేలు బంకువాడికీ, షాపువాడికీ పోయిందని ఆ కాగితానికి తెలియదు.

అందుకే మజూరీకి ఒక బిల్లు, ఖర్చులకు వేరే బిల్లు ఇవ్వండి. ఖర్చుల బిల్లుకు అసలు రసీదులు జత చేయండి. పెట్టినంతే, పైసా ఎక్కువ లేకుండా తిరిగొస్తే అది మీ ఆదాయం కాదు. కానీ రసీదులు అడక్కుండా "పెట్రోల్‌కి నెలకు 3,000" అని కట్టగట్టి ఇస్తే అది మీ రాబడిలోకే వస్తుంది. బంకు రసీదు కొన్నాళ్లకే వెలిసిపోతుంది, అప్పటికప్పుడు ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. దొంగ రసీదుల జోలికి మాత్రం పోవద్దు.

ఇప్పుడు రిటర్న్. ఇలాంటి చిన్న పనివారికి సెక్షన్ 44ఏడీ ఉంది. బ్యాంకు ద్వారా వచ్చిన రాబడిలో కనీసం 6 శాతం, నగదైతే 8 శాతం లాభంగా చూపాలి. నిజంగా అంతకన్నా ఎక్కువ మిగిలితే ఎక్కువే చూపాలి. ఈ పద్ధతిలో ఖర్చులన్నీ తీసేసినట్టే లెక్క, మళ్లీ పెట్రోల్ ఖర్చు విడిగా తగ్గించకూడదు.

2025-26 సంవత్సరానికి కొత్త పన్ను విధానంలో 4,00,000 వరకు పన్ను లేదు. రిబేటుతో 12,00,000 ఆదాయం వరకూ ఇలాంటి సంపాదనపై కట్టాల్సింది సున్నాయే. అంటే మీ 4,200 మీకే రావాలి. అడిగితేనే వస్తుంది, అడగడమంటే రిటర్న్ వేయడం. వేయకపోతే ఆ డబ్బు మీ పాన్ మీద కట్టిన పన్నుగానే ఉండిపోతుంది.

ఒక్క జాగ్రత్త. నెట్ సెంటర్‌లో అలవాటుగా ఐటీఆర్-4 వేసేస్తారు. పంట మీద నికరంగా 5,000 దాటి వస్తే అది చెల్లదు, ఐటీఆర్-3 వేయాలి. పంట ఆదాయానికి పన్ను లేదు గానీ చూపించాలి. ఈ ఫారం కాస్త పెద్దది, తెలిసినవారితో వేయించుకుంటే ఆ ఫీజు దండగ కాదు.

గడువు దాటినవారు 2025-26 రిటర్న్‌ను 2026 డిసెంబర్ 31 వరకు ఆలస్యంగానైనా వేయొచ్చు. ఆ తర్వాత ఆదాయపు పన్ను శాఖ నుంచి ఇంటిమేషన్ వస్తుంది. అందులో పన్ను సున్నా, రీఫండ్ 4,200 అని ఉంటుంది. "పన్ను చెల్లింపుదారు" అని మీ పేరు ఆగిపోతే, ఆ ఇంటిమేషన్ కాపీ, ఆధార్, పట్టాదారు పాస్‌బుక్ తీసుకుని రైతు సేవా కేంద్రంలో అభ్యంతరం ఇవ్వండి. నోటిమాటగా చెప్పి వచ్చేయకండి, అర్జీ ఇచ్చినట్టు రసీదు అడిగి తీసుకోండి.

నిజంగానే పన్ను పడేంత ఆదాయం ఉంటే మాత్రం దాచి లాభం లేదు. అనర్హులకు వెళ్లిన పీఎం కిసాన్ డబ్బును వెనక్కి వసూలు చేస్తున్నారు.