పేర్ల పట్టీలో పెద్దక్షరాలు

కోదాడ

చిరంజీవి అమ్మాయికి,

సూర్యాపేటలో నీకు స్కూలు ఆఫీసు పని కుదిరిందని మీ అమ్మ చెప్పినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. కోదాడ, మునగాల, నడిగూడెం చుట్టుపక్కల బళ్ళలో రిజిస్టర్లు రాస్తూనే నేను రిటైరయ్యాను. మన ఇంట్లో ఆ పని మళ్ళీ ఒకరి చేతికి వచ్చింది.

అయితే మొన్న మీ అమ్మే ఇంకో మాట కూడా చెప్పింది. పదో తరగతి పిల్లల నామినల్ రోల్, అంటే పరీక్షకు పంపే పేర్ల పట్టీ కోసం ఎక్సెల్ షీట్‌లో పేర్లన్నీ క్యాపిటల్ లెటర్స్‌లో పెట్టమన్నారట, నువ్వు ఒక్కో పేరూ చెరిపి మళ్ళీ కొడుతూ రాత్రి పొద్దుపోయేదాకా కూర్చుంటున్నావట. ముందు ఆ పని ఆపు తల్లీ. నిద్ర చెడితే మర్నాడైనా పడుకోవచ్చు. కానీ సరిగ్గా ఉన్న పేరును మళ్ళీ కొట్టినప్పుడల్లా ఒక కొత్త తప్పుకు దారి ఇస్తున్నావు. లక్ష్మిలో ఎక్స్ ఉందో, కె ఎస్ హెచ్ ఉందో అర్ధరాత్రి వేళ కంటికి ఆనదు. పదో తరగతి మెమోలో పడ్డ పేరు ఇంటర్‌కి, డిగ్రీకి, పాస్‌పోర్టుకి, ఉద్యోగానికి వెంట వస్తుంది. తర్వాత దిద్దించుకోవాలంటే హెడ్మాస్టర్ గారి ద్వారా ప్రభుత్వ పరీక్షల విభాగానికి దరఖాస్తు పెట్టి తిరగాలి. ఆ తిరిగేది కూలి మానుకుని వచ్చిన తండ్రి. వాళ్ళు ఆఫీసు గుమ్మం దగ్గర చేతిలో కవరు పట్టుకుని నిలబడటం నేను చాలాసార్లు చూశాను.

వర్డ్‌లో అయితే షిఫ్ట్ పట్టుకుని ఎఫ్3 నొక్కితే అక్షరాలు మారిపోతాయి. ఎక్సెల్‌లో అలాంటి బటన్ లేదు, ఫార్ములా వెయ్యాలి. పేర్లు బి కాలమ్‌లో ఉన్నాయనుకో. దాని పక్కన ఒక ఖాళీ కాలమ్ ఇన్సర్ట్ చెయ్యి. అందులో రెండో వరుసలో ఈక్వల్ గుర్తు కొట్టి, అప్పర్ అని రాసి, బ్రాకెట్లలో బి2 అని పెట్టి ఎంటర్ నొక్కు. పేరు పెద్దక్షరాల్లో వస్తుంది. ఆ సెల్ కుడివైపు కింది మూలన చిన్న చతురస్రం ఉంటుంది, దాని మీద డబుల్ క్లిక్ చేస్తే పట్టీ చివరిదాకా నిండుతుంది. అన్నీ చిన్నక్షరాలు కావాలంటే లోయర్, ప్రతి మాటకూ మొదటి అక్షరం మాత్రమే పెద్దది కావాలంటే ప్రాపర్. గూగుల్ షీట్స్‌లోనూ ఇవే పేర్లు. మీ ఆఫీసులో లిబ్రెఆఫీస్ ఉంటే ఇంకా తేలిక: పేర్లు సెలెక్ట్ చేసి ఫార్మాట్ మెనూలో టెక్స్ట్ దగ్గరికి వెళ్తే అప్పర్‌కేస్, లోయర్‌కేస్ అక్కడే కనిపిస్తాయి.

కొత్త కాలమ్ వచ్చింది కదా అని పాతదాన్ని వెంటనే డిలీట్ చెయ్యకు. ఫార్ములా చూస్తున్నది ఆ పాత కాలమ్‌నే, అది పోతే పేర్ల చోట రెఫ్ ఎర్రర్ వరుసగా నిలబడుతుంది. కొత్త కాలమ్‌ని కాపీ చేసి, పేస్ట్ స్పెషల్‌లో వాల్యూస్ ఎంచుకుని పాత పేర్ల మీదనే పేస్ట్ చెయ్యి. సరిగ్గా బి2లోనే మొదలుపెట్టు. నేను పనిచేసిన ఒక ఆఫీసులో ఒకతను ఒక గడి కిందికి జరిపి పేస్ట్ చేశాడు. పేర్లన్నీ అందంగా పెద్దక్షరాల్లోనే ఉన్నాయి, కానీ ప్రతి పిల్లకూ పక్కింటి పిల్ల తండ్రి తండ్రయ్యాడు. అప్‌లోడ్ చేసే ముందు క్లాస్ టీచర్ కంట పడబట్టి సరిపోయింది. అందుకే పేస్ట్ చెయ్యగానే మొదటి పేరు, మధ్యలో ఒకటి రెండు, ఆఖరి పేరు అడ్మిషన్ రిజిస్టర్‌తో పోల్చుకో. అసలు ఫైల్‌కి కాపీ ఒకటి విడిగా పెట్టుకునే పని మొదలుపెట్టు. పెద్దక్షరాల్లోకి వెళ్ళాక ముందు ఏది ఎలా ఉందో ఆ షీట్ చెప్పలేదు.

అక్షరం ఎలా మారుతుందో తెలిస్తే ఎక్కడ చెడుతుందో కూడా నీకే తెలుస్తుంది. కంప్యూటర్ దగ్గర ప్రతి అక్షరానికీ ఒక అంకె ఉంటుంది. పెద్ద ఏకి 65, చిన్న ఏకి 97. పెద్ద బీకి 66, చిన్న బీకి 98. జెడ్ దాకా అదే 32 తేడా, అప్పర్ ఆ తేడానే తీసేస్తుంది. ఆస్కీ అనే ఈ పట్టిక 1963లో మొదట వచ్చినప్పుడు అందులో చిన్నక్షరాలే లేవు, 1967 నాటికి చేర్చారు. మన తెలుగు అక్షరాలకు ఇలాంటి పెద్ద చిన్న జంట లేదు కాబట్టి, తెలుగులో ఉన్న సెల్‌కి అప్పర్ వేసినా అది చెక్కుచెదరదు.

కానీ ఇక్కడే ఒక గండం ఉంది. ప్రింటింగ్ ప్రెస్ నుంచో, పాత కంప్యూటర్ నుంచో వచ్చిన ఫైళ్ళలో తెలుగు అను ఫాంట్లలో ఉంటుంది. కంటికి తెలుగే, లోపల మాత్రం ఇంగ్లీషు అక్షరాల అంకెలు. చిన్న ఏ ఉండాల్సిన చోట ఒక తెలుగు ముక్క, పెద్ద ఏ చోట వేరే ముక్క. దాని మీద అప్పర్ వేశావా, తెలుగంతా ముక్కలు ముక్కలై చదవరాకుండా పోతుంది. ముందు సెల్‌ని సెలెక్ట్ చేసి ఫాంట్‌ని నిర్మలా యూఐకి మార్చి చూడు. తెలుగు తెలుగులాగే ఉంటే యూనికోడ్, భయం లేదు. పిచ్చి ఇంగ్లీషు అక్షరాలు కనబడితే ఆ కాలమ్ జోలికి పోకు.

ప్రాపర్ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే చూడటానికి అదే అందంగా ఉంటుంది, ఎక్కువ చెడగొట్టేదీ అదే. దానికి మన పేర్ల తీరు తెలియదు. వెంకటకి వి, సత్యకి ఎస్ కలిపి చుక్క లేకుండా రాసిన ఇనీషియల్స్ ఉంటే మొదటిదాన్ని పెద్దది చేసి రెండోదాన్ని చిన్నది చేస్తుంది. బడి పేరులో జెడ్‌పీహెచ్ఎస్ అని ఉంటే జెడ్ ఒక్కటే పెద్దదిగా మిగులుతుంది. కేజీబీవీ గతీ అంతే. కులం కాలమ్‌లో ఎస్సీ, ఎస్టీ, బీసీ డీ అన్నవన్నీ వంకరపోతాయి. టెన్త్ అని 10 పక్కన టీహెచ్ కలిపి రాసినచోట టీ పెద్దదవుతుంది, అంకె తర్వాత కొత్త మాట మొదలైందనుకుంటుంది కాబట్టి. రోమన్ అంకె రెండు ఉంటే ఒక పెద్ద ఐ, ఒక చిన్న ఐ. అందుకని నామినల్ రోల్‌లో పిల్లల పేర్లకు, తల్లిదండ్రుల పేర్లకు అప్పర్ వాడు. ఈమెయిల్ కాలమ్‌కి లోయర్. ప్రాపర్‌ని బహుమతుల సర్టిఫికెట్ల కోసం ఉంచుకో, అదీ ప్రింట్ తీసే ముందు కళ్ళతో చదివాకే. 2013 నుంచి ఎక్సెల్‌లో కంట్రోల్ ఈ నొక్కితే నిండే ఫ్లాష్ ఫిల్ కూడా ఉంది. అది మనం రాసిన నమూనాను చూసి మిగతావి ఊహిస్తుంది. పిల్లల పేర్ల దగ్గర ఊహ మనకు వద్దు.

అప్పర్ అయినా పేర్ల కాలమ్ దాటి బయటికి తీసుకుపోకు. మన ఊళ్ళలో ఇంటి నంబర్లు 3-12, 5-10 అని ఉంటాయి కదా. మన దేశపు తేదీ సెట్టింగ్ ఉన్న ఎక్సెల్‌లో 3-12 కొట్టి ఎంటర్ నొక్కగానే అది డిసెంబరు 3వ తేదీ అనుకుంటుంది. దాని మీద అప్పర్ వేస్తే తేదీ కూడా పోయి, 2024లో కొట్టినదైతే 45629 అని వస్తుంది. 1900 సంవత్సరం మొదటి నుంచి రోజులు లెక్కపెట్టి దాచుకునే అంకె అది. ఇక ఆ ఇల్లు ఏ వీధిలో ఉందో పోస్ట్‌మ్యాన్‌కి కూడా తెలియదు. ఇది మన ఊరి సమస్యే కాదు. మార్చ్1, సెప్ట్1 అని శాస్త్రవేత్తలు పెట్టుకున్న జన్యువుల పేర్లను ఎక్సెల్ తేదీలుగా మార్చేస్తుంటే వేగలేక, 2020లో జన్యువుల పేర్లు నిర్ణయించే అంతర్జాతీయ సంఘం ఆ పేర్లనే మార్చుకుంది. మనం ఇంటి నంబర్లు మార్చుకోలేం. కాబట్టి టైప్ చెయ్యకముందే ఆ కాలమ్‌ని టెక్స్ట్‌గా ఫార్మాట్ చేసి పెట్టు. కొట్టేశాక టెక్స్ట్ చేస్తే ఫలితం లేదు. పుట్టిన తేదీల కాలమ్‌కీ ఈ ఫార్ములాలు తగలనివ్వకు. బ్యాంకు ఖాతా నంబర్లు కూడా ముందే టెక్స్ట్ చెయ్యి, మొదట్లో సున్నా ఉంటే ఎక్సెల్ మింగేస్తుంది.

రెండు లిస్టులు సరిచూడటానికి కూడా అక్షరాలన్నీ ఒక్కలా మార్చాలని నువ్వు అనుకుంటున్నావేమో. అక్కర్లేదు. లిస్టులు సరిచూసే వీలుకప్ ఫార్ములాకి పెద్దా చిన్నా ఒకటే, ఫిల్టర్‌కీ అంతే. తేడా పట్టుకోవాలంటే ఎగ్జాక్ట్ అని వేరే ఫార్ములా ఉంది. పేర్లు కలవకపోవడానికి అసలు కారణం చాలాసార్లు కంటికి కనబడని స్పేస్. పేరు చివర ఒక స్పేస్ మిగిలిపోతే ఎక్సెల్‌కి అది వేరే మనిషి. అప్పర్ బ్రాకెట్లలో బి2ని నేరుగా పెట్టకుండా ట్రిమ్ అని రాసి దాని బ్రాకెట్లలో బి2 పెట్టు. ముందూ వెనకా స్పేస్‌లు పోతాయి, మధ్యలో రెండు మూడు ఉంటే ఒక్కటే మిగులుతుంది. వెబ్‌సైట్ నుంచి కాపీ చేసిన లిస్టులో ట్రిమ్‌కి లొంగని స్పేస్ ఒకటి వస్తుంది, దాని నంబరు 160. సబ్‌స్టిట్యూట్ ఫార్ములాలో దాన్ని క్యార్, బ్రాకెట్లలో 160 అని రాసి, దాని చోట మామూలు స్పేస్ పెట్టి, ఆ తర్వాతే ట్రిమ్ చెయ్యాలి.

స్పెల్లింగ్ మాత్రం ఏ ఫార్ములా దిద్దదు. కోదాడకి చివర ఏ పెట్టేవాళ్ళున్నారు, డీతో ఆపేవాళ్ళున్నారు. మిర్యాలగూడలో ఎల్ తర్వాత ఏ కొందరు రాస్తారు, కొందరు రాయరు. సూర్యాపేటకీ అంతే. పిల్లల పేర్లు పెద్దక్షరాల్లోకి మార్చాక ఊరి కాలమ్‌కి ఫిల్టర్ పెట్టు, ఒకే ఊరు ఎన్ని రూపాల్లో ఉందో జాబితాలో బయటపడుతుంది. సూర్యాపేట జిల్లా అయింది 11 అక్టోబరు 2016న కాబట్టి, అంతకుముందు బళ్ళో చేరిన పిల్లల రికార్డుల్లో జిల్లా నల్లగొండ అనే ఉంటుంది. అది కూడా ఫిల్టర్‌లో చూసుకో. ఊరి పేర్లు ఒకే రూపంలోకి తేవచ్చు, పై వాళ్ళు ఏ స్పెల్లింగ్ వాడుతున్నారో అది పెట్టు. మనిషి పేరును మాత్రం అలా సరిచెయ్యకు. తండ్రి శ్రీనుకి రెండు ఈలు పెట్టి రిజిస్టర్‌లో రాయిస్తే ఆ రెండు ఈలే ఉండాలి, నీకు తప్పనిపించినా సరే. ఎండీ, ఎస్‌కే అని ఉన్న పేర్లను మహ్మద్, షేక్ అని నువ్వు విడదీసి రాయకు. ధారావత్, బానోత్ లాంటి ఇంటిపేర్లలో హెచ్‌లు కలపడం, తీసెయ్యడం చెయ్యకు. ఆధార్‌లో ఒకలా, రిజిస్టర్‌లో ఒకలా ఉంటే తల్లిదండ్రులను పిలిపించు.

ఒకటి మర్చిపోయాను. ఫైండ్ రీప్లేస్ వాడేటప్పుడు మ్యాచ్ కేస్ టిక్ పెట్టుకో. 2024లో రాష్ట్ర సంక్షిప్తం టీఎస్ నుంచి టీజీ అయినప్పుడు ఆఫీసుల్లో పాత షీట్లన్నీ మార్చాల్సి వచ్చింది. ఆ టిక్ లేకుండా రీప్లేస్ ఆల్ నొక్కితే, స్టూడెంట్స్ అన్న మాట చివరి టీ ఎస్ కూడా టీజీ అయిపోతుంది, స్పోర్ట్స్‌దీ అదే గతి. మొదట ఫైండ్ ఆల్ నొక్కి ఎక్కడెక్కడ దొరికాయో చదువు, ఆ తర్వాత మార్చు.

పట్టీ అంతా అయ్యాక సెక్షన్ వారీగా ప్రింట్ తీసి క్లాస్ టీచర్లకు ఇవ్వు. ప్రతి పిల్లా తన పేరు, తల్లిదండ్రుల పేర్లు, పుట్టిన తేదీ చదువుకుని పక్కన సంతకం పెట్టాలి. బడికి రాని పిల్లలుంటే ఇంటికి ఫోన్ చేసి స్పెల్లింగ్ అక్షరం అక్షరం చదివి వినిపించు. దిద్దుబాట్లు ఎర్ర ఇంకుతో రాయమను, అవి రిజిస్టర్‌తో చూసుకుని షీట్‌లో ఎక్కించు. ఆ సంతకాల కాగితాలు ఫైల్ చేశాకే పట్టీని హెడ్మాస్టర్ గారి దగ్గరికి తీసుకెళ్ళు. అను ఫాంట్ ఫైలు ఏదైనా తగిలితే నాకు పంపు, ఆదివారం వచ్చి దగ్గర కూర్చుని యూనికోడ్‌లోకి మార్చి ఇస్తాను. అత్తయ్య నీకోసం పచ్చడి కట్టి పెట్టింది, అదీ తెస్తాను.

ఇట్లు
మీ మామయ్య