డబ్బు మీదే, ఆగింది ఎవరి దగ్గర?

మంగళగిరి నుంచి ఒక చేనేత ఇల్లాలు రాసిన ఉత్తరం నా ముందుంది. ఆన్‌లైన్‌లో చీరలు పెట్టి అమ్ముతున్నారు. దసరాకు ముందు పంపిన 31 చీరల డబ్బు, 84 వేల పైచిలుకు, ఇప్పటికీ ఖాతాలో పడలేదు. యాప్ తెరిస్తే ‘సెటిల్‌మెంట్ ఆన్ హోల్డ్’ అన్న ఒక్క ముక్కే. ఫోన్ చేసిన ప్రతిసారీ ‘రివ్యూలో ఉంది మేడమ్’ అంటున్నారట. నూలు బాకీవాళ్లు వాకిట్లోకి వచ్చి కూర్చుంటున్నారు, కేసు వేయొచ్చా అని అడిగారు.

వేయొచ్చమ్మా. కానీ అంతకన్నా ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. ఆ డబ్బు ఇప్పుడు ఎవరి దగ్గర ఆగి ఉంది? అమ్మకాల కంపెనీ దగ్గరా, మధ్యలో చెల్లింపులు వసూలు చేసే కంపెనీ దగ్గరా, మీ బ్యాంకులోనా? ఒక్కోదానికి ఒక్కో దారి. ఇది తెలియకే చాలామంది సంబంధం లేని గుమ్మం ముందు నెలల తరబడి నిలబడుతున్నారు.

కొన్నవాళ్లు కార్డుతోనో యూపీఐతోనో కట్టిన సొమ్మును పోగుచేసి అమ్మినవాళ్లకు చేర్చే కంపెనీని పేమెంట్ అగ్రిగేటర్ అంటారు. వీటికి రిజర్వ్ బ్యాంకు 2020 మార్చి 17న నిబంధనలు పెట్టింది. 2025 సెప్టెంబరులో కొత్తగా సమగ్ర ఆదేశాలిచ్చింది. బ్యాంకు కాని కంపెనీ ఈ సొమ్మును తన సొంత డబ్బులో కలుపుకోకూడదు, బ్యాంకులో విడిగా ఎస్క్రో ఖాతాలో ఉంచాలి. చెల్లింపులు, పరిష్కార వ్యవస్థల చట్టం–2007లోని 23ఎ సెక్షన్ ప్రకారం ఆ ఖాతాలోని సొమ్ము మీద మొదటి హక్కు, అది రావాల్సినవాళ్లదే. అంటే మీరు అడుగుతున్నది దయ కాదు.

అలాగని ఆపే వీలే ఆ కంపెనీలకు లేదనుకోవద్దు. సరుకు వాపసు గడువు తీరలేదని, కొన్నవాళ్లు చెల్లింపు మీద తమ బ్యాంకులో అభ్యంతరం పెట్టారని, కేవైసీ కుదరలేదని ఆపుతుంటారు. మీ ఉత్తరం రెండో పేజీలో నాకు ఒక మాట కనిపించింది. అమ్మకాలు మీ పాన్ మీద, డబ్బు పడాల్సింది మీవారి ఖాతాలో. అడ్డం పడింది ఇదే కావచ్చు. మీ పేరున ఉన్న ఖాతా నంబరు ఇచ్చి చూడండి. సగం చిక్కులు ఇక్కడే విడిపోతాయి.

ఇకనుంచి ఫోన్లు మానేసి ఈమెయిల్ పెట్టండి. ఇంగ్లిష్ బాగా రాకపోయినా ఫర్వాలేదు, నాలుగు ముక్కలు చాలు: ‘ఈ ఆర్డర్ల డబ్బు ఎంత ఆపారు, ఏ తేదీ నుంచి, ఒప్పందంలో ఏ షరతు కింద, విడుదలకు నా నుంచి ఏ పత్రం కావాలి?’ కొరియర్ డెలివరీ రుజువులు జతచేయండి. ఫిర్యాదులు చూసే అధికారి వివరాలు అగ్రిగేటర్ వెబ్‌సైట్‌లో ఉంటాయి, మెయిల్ నేరుగా వారికే పంపండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది సంతృప్తిగా లేకపోయినా, రిజర్వ్ బ్యాంకు ఫిర్యాదుల పోర్టల్ సీఎంఎస్‌లో ఫిర్యాదు చేయండి. పైసా ఖర్చు లేదు. సందేహాలుంటే 14448కి ఫోన్ చేయండి. డబ్బు అమ్మకాల కంపెనీ దగ్గరే ఆగితే మాత్రం ఈ దారి పనిచేయదు. ఆ కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాయాలి, ఆ తర్వాత లాయర్ నోటీసు.

మూడోది బ్యాంకులో ఆగడం. నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇదే. ఎక్కడో ఎవరినో మోసం చేసి కాజేసిన డబ్బులోంచి ఒకడు మీ దగ్గర చీర కొంటాడు. మోసపోయిన మనిషి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేస్తే, ఆ డబ్బు వెళ్లిన దారిలో ఉన్న మీ ఖాతా కూడా స్తంభించిపోతుంది. మూడు వేల చీర కోసం ఇంటి ఖాతా మొత్తం ఆగిపోతుంది. బ్యాంకు మేనేజరును నాలుగు వివరాలు అడగండి: ఫిర్యాదు నంబరు, ఏ రాష్ట్రం, ఏ పోలీస్ స్టేషన్, ఎంత సొమ్ము. బిల్లు, డెలివరీ రుజువు ఆ స్టేషన్‌కు మెయిల్ చేసి, వివాదంలో ఉన్న మొత్తం వరకే ఆపి మిగతాది వదలమని రాతపూర్వకంగా కోరండి. పోలీసులు భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్‌ఎస్‌ఎస్) 106 సెక్షన్ కింద ఆపితే ఆ సంగతి మేజిస్ట్రేటుకు తెలియజేయాలి. విడుదల కోసం 503 సెక్షన్ కింద మీరే ఆ కోర్టులో దరఖాస్తు వేసుకోవచ్చు.

45 రోజుల్లో చెల్లించకపోతే వడ్డీ వస్తుందట కదా అని కూడా అడిగారు. అది చిన్న పరిశ్రమల చట్టం–2006లోని మాట, మీ దగ్గర సరుకు కొన్నవారికి వర్తిస్తుంది. మీ చీర కొన్నది కట్టుకునే మనిషి, మధ్యలో ఉన్న కంపెనీ కాదు. షాపులవాళ్లకు హోల్‌సేల్‌గా వేస్తుంటే మాత్రం ఉద్యమ్ రిజిస్ట్రేషన్ చేయించుకోండి, అక్కడ పనికొస్తుంది.

కోర్టుకు వెళ్లక తప్పకపోతే డబ్బు రాబట్టే దావాకు మామూలుగా మూడేళ్ల గడువు. లాయర్ ఫీజు గురించి దిగులు పడకండి. మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది. గుంటూరులోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కు ఫోన్ చేయండి. కేసు వేయకముందే లోక్ అదాలత్‌కు పిలిపించమని అక్కడే అడగొచ్చు.

మీ లాగిన్ ఇంకా పనిచేస్తోందని రాశారు. ఈ రాత్రే కూర్చుని ఆర్డర్ల జాబితా, సెటిల్‌మెంట్ స్టేట్‌మెంట్లు, మీరు ఒప్పుకున్న షరతుల పేజీ డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి. కంపెనీ మీ అమ్మకాల ఖాతా మూసేస్తే అవి మళ్లీ మీ కంటపడవు.