మిరప కోతల్లో రాత్రి బడి నడిచేదెలా?

ప్రశ్న: మిరప కోతలు మొదలైతే మా వయోజన విద్యా కేంద్రానికి ఎవరూ రావడం లేదు. పరిపాలనా సిద్ధాంతాలు ఇక్కడేమైనా పనికొస్తాయా?
– ఒక నిర్వాహకురాలు, ప్రకాశం జిల్లా

జవాబు: తప్పక పనికొస్తాయి. మాక్స్ వెబర్ వివరించిన అధికారస్వామ్యం, అంటే రాతపూర్వక నిబంధనలతో, నిర్దిష్ట హోదాలతో సంస్థ నడిచే పద్ధతి, లెక్కలకూ జవాబుదారీతనానికీ అవసరమే గాని, అదొక్కటే వయోజనులను బడికి రప్పించలేదు. డగ్లస్ మెక్‌గ్రెగర్ 1960లో వివరించిన రెండు దృక్పథాలలో ‘ఎక్స్’ అనేది మనిషి పని తప్పించుకుంటాడని భావిస్తే, ‘వై’ తనదనుకున్న లక్ష్యం కోసం స్వయంగా శ్రమిస్తాడని నమ్ముతుంది; పగలంతా కాయ కోసి, ఘాటుకు మండే వేళ్లతో పలక పట్టే కూలీ మహిళకు న్యాయం చేసేది ఈ రెండవదే. పొరుగున ఉన్న నెల్లూరు జిల్లాలో 1990ల ఆరంభంలో సాగిన అక్షరాస్యతా ఉద్యమం ఇందుకు గట్టి సాక్ష్యం: చదువుకోవడానికి కూడిన దూబగుంట గ్రామ మహిళలు తమ కష్టాన్నే పాఠంగా చర్చించి సారాపై తిరగబడగా, ఆ పోరాటం రాష్ట్రమంతటా వ్యాపించి 1993లో సారా నిషేధానికి దారితీసింది.

సంస్థ నిర్మాణం పరిస్థితిని బట్టి మారాలనేది సందర్భానుసార సిద్ధాంతం. దాని ప్రకారం పత్తితీత, మిరపకోత నెలలకు వేరే వేళలు ఉండాలి. టిక్కీ (మిరప బస్తా) బరువు, కాటా చీటీ, కూలి లెక్క పాఠాలు కావాలి. ఈ కోతలకు ముందే అభ్యాసకుల సంఘాన్ని కూర్చోబెట్టి, బడి వేళను వారి చేతనే నిర్ణయింపజేయండి.