మేకు ముందు, గన్ తర్వాత: బీడింగ్ పనికి బ్యాటరీ నెయిల్ గన్ ఎంపిక

వడ్రంగం నేర్చుకున్న యువకుడికి సాయం చేయాలనుకున్నప్పుడు దాతలకు ముందుగా గుర్తుకొచ్చేవి పనిముట్లు. ఒకప్పుడు సుత్తి, ఉలి, రంపం, చిత్రిక ఉంటే బతుకుతెరువు ఉన్నట్టే. ఇప్పటి కుర్రవాళ్లు బ్యాటరీ నెయిల్ గన్ అడుగుతున్నారు. అడగడంలో తప్పు లేదు. కానీ ఆ ఒక్క గన్ ధర మిగతా చేతి పనిముట్లన్నిటి ధరను దాటిపోతుంది. సరైనది ఎంచుకుంటే ఒక కుటుంబానికి అన్నం పెడుతుంది. సరికానిది ఎంచుకుంటే మేకులు దొరకకో, ఛార్జర్ పనిచేయకో అటక ఎక్కుతుంది. జాగ్రత్త తెలియని చేతిలో పడితే వేళ్లకే ముప్పు. అందుకే కొనేముందు దీన్ని ఒక పాఠంలా మెట్టుమెట్టుగా చదువుదాం.

1. ముందు పనిని చూడాలి

ద్వారబంధానికీ గోడకూ మధ్య సందును కప్పే పట్టీ, కిటికీ అద్దాన్ని పట్టి ఉంచే సన్నని కర్ర, ప్లైవుడ్ అంచును మూసే లిప్పింగ్, గోడ అడుగున వేసే చెక్క స్కర్టింగ్. వీటన్నిటినీ మనవాళ్లు బీడింగ్ పని అంటారు. ఈ పట్టీలు బరువు మోయవు. అంచులు కప్పి, కంటికి ఇంపుగా కనిపించడమే వాటి పని. కాబట్టి ఇక్కడ మేకు తల కనిపించకూడదు, పట్టీ చీలకూడదు, సుత్తి దెబ్బ మచ్చ పడకూడదు.

మూలలో రెండు పట్టీలను 45 డిగ్రీల కోతతో కలిపేటప్పుడు అసలు కష్టం తెలుస్తుంది. ఒక చేత్తో మేకు, ఒక చేత్తో సుత్తి పట్టుకుంటే పట్టీని పట్టుకోవడానికి మూడో చెయ్యి కావాలి. నెయిల్ గన్ ఉంటే ఒక చెయ్యి పట్టీ మీదే ఉంటుంది, అతుకు జరగకముందే మేకు దిగిపోతుంది. వేగం కంటే పెద్ద లాభం ఇదే.

2. గేజ్ లెక్క

మేకు మందాన్ని గేజ్‌లో చెబుతారు. విద్యుత్ తీగల గేజ్‌లాగే ఇక్కడా అంకె పెరిగితే మందం తగ్గుతుంది. బీడింగ్ పనిలో వినిపించేవి నాలుగు.

15 గేజ్: సుమారు 1.8 మి.మీ. మందం. బరువైన తలుపు చట్రాలకు, మందమైన పట్టీలకు.
16 గేజ్: సుమారు 1.6 మి.మీ. వెడల్పాటి స్కర్టింగ్‌కు, మందమైన మౌల్డింగ్‌కు.
18 గేజ్: సుమారు 1.2 మి.మీ. దీన్నే బ్రాడ్ అంటారు. మామూలు బీడింగ్‌కు.
23 గేజ్: సుమారు 0.6 మి.మీ. తల లేని పిన్ను. సన్నని అద్దం బీడింగ్‌కు, లిప్పింగ్‌కు.

మన హార్డ్‌వేర్ దుకాణంలో గాలి గన్‌లకు "ఎఫ్ 30" అని అడిగితే ఇచ్చేది ఈ 18 గేజ్ మేకే. ఆ 30 అంటే పొడవు 30 మి.మీ. అని. "పి 622" అనే చిన్న గన్‌లో వాడేది 0.6 మి.మీ. పిన్ను. అంటే అంతర్జాతీయ గేజ్ పేరు తెలియని మేస్త్రీకి కూడా ఆ మేకు చేతికి పరిచయమైనదే.

23 గేజ్ పిన్ను విషయంలో ఒక మాట. దానికి సొంత పట్టు చాలా తక్కువ. జిగురు ఆరేదాకా పట్టీ కదలకుండా చూడటమే దాని పని. జిగురు లేకుండా పిన్నుల మీదే ఆధారపడితే పట్టీ కొన్నాళ్లకు ఊడి వస్తుంది.

3. వాళ్ల గోడ వేరు, మన గోడ వేరు

బ్యాటరీ గన్‌ల గురించి ఎక్కువగా రాసేదీ, వీడియోలు తీసేదీ అమెరికన్లు. వాళ్లు 16 గేజ్, 15 గేజ్ గన్‌లను మెచ్చుకుంటారు. దానికి కారణం వాళ్ల గోడలోనే ఉంది. అక్కడ చాలా ఇళ్ల గోడల లోపల సుమారు 40 సెం.మీ.కు ఒకటి చొప్పున నిలువు కర్రలు ఉంటాయి. వాటి మీద సుమారు 13 మి.మీ. జిప్సం బోర్డు ఉంటుంది. 16 మి.మీ. స్కర్టింగ్ కొట్టాలంటే మేకు ఆ 16, ఈ 13, మొత్తం 29 మి.మీ. దాటాకే కర్రను తాకుతుంది. అందుకే వాళ్లకు 50 మి.మీ., 63 మి.మీ. మేకులు కావాలి.

మన గోడ ఇటుక, దాని మీద సిమెంటు ప్లాస్టరింగ్. ఏ బీడింగ్ గన్ అయినా ఇటుకలోకి మేకు దించలేదు. మేకు వంగుతుంది, లేదా ఎదురు తిరిగి వస్తుంది. గోడకు స్కర్టింగ్ వేయాలంటే ముందు స్క్రూలతో రీపర్లు బిగించి, వాటి మీద పట్టీ కొట్టాలి. ద్వారబంధం పట్టీ అయితే లోపలి అంచును చెక్క చట్రానికి మేకులతో, బయటి అంచును గోడకు జిగురుతో పట్టించాలి. కాబట్టి మన దగ్గర మేకు దిగేది ఎక్కువగా చెక్కలోకో ప్లైవుడ్‌లోకో. ఆ పనికి 18 గేజ్ సరిపోతుంది. అమెరికన్ వీడియో చూసి 15 గేజ్ గన్ కొన్న మేస్త్రీ దానికి సరిపోయే వంపు వరస మేకుల కోసం ఊరంతా తిరగవలసి వస్తుంది.

4. పొడవు లెక్క

పట్టీ మందానికి రెండున్నర నుంచి మూడు రెట్ల పొడవు మేకు వాడటం పాత సూత్రం. 12 మి.మీ. పట్టీని ద్వారబంధానికి కొట్టాలంటే 30 మి.మీ. మేకు చాలు. అందులో 18 మి.మీ. చట్రంలోకి దిగుతుంది.

అదే పట్టీని 18 మి.మీ. ప్లైవుడ్ మీద కొట్టాలంటే లెక్క మారుతుంది. 12, 18 కలిపితే 30. గన్ మేకు తలను పైనుంచి 1 లేదా 2 మి.మీ. లోతుకు దింపుతుంది. 30 మి.మీ. మేకు వాడితే మొన అవతలి వైపు పొడుచుకు వస్తుంది. అల్మారాలో బట్టలు సర్దే చేతికి గుచ్చుకుంటుంది. అక్కడ 25 మి.మీ. మేకే వాడాలి. అందుకే ఒకే పొడవు కాకుండా కనీసం 15 నుంచి 50 మి.మీ. వరకు తీసుకునే 18 గేజ్ గన్ ఎంచుకోవడం మంచిది.

టేకు వంటి గట్టి చెక్క అయితే ముందు ఒక తుక్కు ముక్క మీద కొట్టి చూడాలి. లోతును పెంచే, తగ్గించే చక్రం గన్ మీద ఉండాలి. మేకులు అయిపోగానే గన్ తనంతట తాను ఆగిపోయే ఏర్పాటు కూడా ఉండాలి. లేకపోతే ఖాళీ దెబ్బలు పట్టీ మీద గుంటలు చేస్తాయి.

5. గన్ లోపల ఏముంది?

గాలి గొట్టం లేని నెయిల్ గన్‌లు ముఖ్యంగా నాలుగు రకాలు.

మొదటిది గ్యాస్ గన్. 1986లో పాస్‌లోడ్ కంపెనీ "ఇంపల్స్" పేరుతో తెచ్చింది ఈ రకమే. చిన్న డబ్బాలోని గ్యాస్‌ను బ్యాటరీ నిప్పురవ్వ మండిస్తుంది. గ్యాస్ డబ్బా మళ్లీ మళ్లీ కొనాలి, దానికి గడువు తేదీ ఉంటుంది, గన్‌ను తరచూ శుభ్రం చేయాలి. డబ్బాలు దొరకని ఊళ్లో ఇది దండగ.

రెండోది ఫ్లైవీల్ గన్. మోటారు ఒక బరువైన చక్రాన్ని వేగంగా తిప్పుతుంది, ఆ చక్రం మేకును తోసే పట్టీని ముందుకు విసురుతుంది. డీవాల్ట్ బీడింగ్ గన్‌లలో ఈ పద్ధతి కనిపిస్తుంది. చక్రం వేగం అందుకోవడానికి ఒక్క క్షణం పడుతుంది.

మూడోది నైట్రోజన్ గన్. మూసి ఉన్న సిలిండర్‌లోని నైట్రోజన్ వాయువు స్ప్రింగులా పనిచేస్తుంది. సెన్కో ఫ్యూజన్, మిల్వాకీ ఈ తరహావి. ట్రిగ్గర్ నొక్కగానే దెబ్బ పడుతుంది. సిలిండర్ చెడితే మాత్రం వీధి మెకానిక్ చేయగలిగింది లేదు, సర్వీస్ సెంటర్‌కు వెళ్లవలసిందే.

నాలుగోది దెబ్బదెబ్బకు లోపలే గాలిని నొక్కి వదిలేది. రియోబీ ఎయిర్‌స్ట్రైక్ ఈ రకం.

మన అవసరానికి గ్యాస్ తప్ప మిగతా మూడింటిలో ఏదైనా పనికొస్తుంది. ఎంపికను నిర్ణయించవలసింది సర్వీస్ సెంటర్ ఎంత దూరంలో ఉందన్న ప్రశ్న.

6. బ్యాటరీ, ఛార్జర్

ఒకే బ్యాటరీకి 18 అనీ 20 అనీ రెండు అంకెలు చూసి తికమక పడవద్దు. లోపల 3.6 వోల్టుల సెల్స్ ఐదు వరసగా ఉంటాయి, మొత్తం 18. పూర్తిగా ఛార్జ్ అయినప్పుడు సెల్‌కు 4 చొప్పున లెక్కేసి 20 అని రాస్తారు. శక్తి ఒకటే. కానీ ఒక కంపెనీ బ్యాటరీ ఇంకో కంపెనీ గన్‌కు పట్టదు. యువకుడి దగ్గర ఇప్పటికే బ్యాటరీ డ్రిల్లు ఉంటే అదే కంపెనీ, అదే వరస గన్ ఇవ్వడం తెలివైన పని. బ్యాటరీ, ఛార్జర్ ఖర్చు మిగులుతుంది.

ఒక ద్వారబంధానికి ఎన్ని మేకులు పడతాయో లెక్కేద్దాం. 2.1 మీటర్ల నిలువు పట్టీకి 30 సెం.మీ.కు ఒకటి చొప్పున 8. రెండు నిలువులకు 16, పై పట్టీకి 4. మొత్తం 20. గోడకు రెండు వైపులా వేస్తే 40. ఏడు తలుపుల ఫ్లాట్‌కు 280. ఒక ఛార్జికి ఎన్ని మేకులు దిగుతాయని కంపెనీ రాసిందో దాని పక్కన ఈ 280ని పెట్టి చూస్తే రెండో బ్యాటరీ అవసరమో కాదో తెలిసిపోతుంది.

అమెరికాలో ఉన్న బంధువుల చేత తెప్పించేవారు ముందు ఛార్జర్ చూడాలి. అక్కడి కరెంటు 120 వోల్టులు, మనది 230. 120 అని మాత్రమే రాసి ఉన్న ఛార్జర్‌ను మన ప్లగ్గులో పెడితే కాలిపోతుంది. విమానంలో విడి లిథియం బ్యాటరీలను చెకిన్ సామానులో పెట్టకూడదు, చేతి సామానులోనే తేవాలి. 100 వాట్ అవర్లు దాటితే విమాన సంస్థ అనుమతి కావాలి. 18 వోల్టులు, 5 ఆంపియర్ అవర్ల బ్యాటరీ 90 వాట్ అవర్లు. 6 ఆంపియర్ అవర్లదైతే 108. మండే గ్యాస్ డబ్బాలను అసలే తేకూడదు.

7. వేళ్లు ముఖ్యం

అమెరికా ప్రభుత్వ సంస్థలు ఓషా, నియోష్ 2011లో నిర్మాణ కాంట్రాక్టర్ల కోసం నెయిల్ గన్ భద్రత మీద ఒక చిన్న పుస్తకం వెలువరించాయి. నెయిల్ గన్ గాయాలతో ఆ దేశంలో ఏటా సుమారు 37,000 మంది ఎమర్జెన్సీ వార్డులకు వస్తున్నారని, సగానికి పైగా గాయాలు చేతికీ వేళ్లకేనని అందులో ఉంది. ట్రిగ్గర్ నొక్కి ఉంచి ముక్కు తగిలినప్పుడల్లా పేలే గన్‌లతో గాయాల ముప్పు రెండింతలని కూడా చెప్పింది. ముందు ముక్కును చెక్కకు ఆనించి, తర్వాత ట్రిగ్గర్ నొక్కితేనే ఒక్క మేకు దిగే పద్ధతిని సీక్వెన్షియల్ ట్రిగ్గర్ అంటారు. బీడింగ్ పనికి అదే కావాలి. రెండు పద్ధతులూ ఉన్న గన్ అయితే దీని మీదే ఉంచాలి.

సన్నని మేకు చెక్క నరాన్ని పట్టుకుని పక్కకు వంగి బయటికి రాగలదు. కాబట్టి పట్టీని పట్టుకున్న చెయ్యి మేకు పొడవు కంటే ఎక్కువ దూరంలో ఉండాలి. చెక్క వెనక చెయ్యి పెట్టకూడదు. మేకు ఇరుక్కుంటే ముందు బ్యాటరీ తీసి, తర్వాతే విప్పాలి. కళ్లద్దాలు లేకుండా గన్ పట్టకూడదు. ఒకవేళ మేకు శరీరంలో దిగితే దాన్ని లాగకుండా అలాగే ఆసుపత్రికి వెళ్లాలి.

8. గాలి గన్ చాలదా?

చాలాసార్లు చాలు. ఒకే షెడ్డులో కూర్చుని పని చేసే మేస్త్రీకి కంప్రెసర్ ఉంటే ఎఫ్ 30 గాలి గన్ తేలిక, ధర ఎన్నో రెట్లు తక్కువ. మేకు కూడా అదే. కంప్రెసర్ మోసుకుంటూ నాలుగో అంతస్తు ఎక్కలేని, రోజుకో ఇంట్లో చిన్న పని చేసుకునే, మనుషులు కాపురముంటున్న ఇళ్లలో కంప్రెసర్ చప్పుడు లేకుండా పని ముగించవలసిన వాడికి బ్యాటరీ గన్ నిజమైన మేలు.

9. ఇచ్చేముందు అడగవలసినవి

నువ్వు ఎక్కువగా కొట్టే పట్టీ మందం ఎంత? దేని మీద కొడతావు? ఆ మేకు మీ ఊరి దుకాణంలో దొరుకుతుందా? నీ దగ్గర ఇప్పటికే ఏ కంపెనీ బ్యాటరీ ఉంది? సర్వీస్ సెంటర్ ఎక్కడ? ఈ ఐదు ప్రశ్నలకు జవాబులు రాసుకుంటే ఏ గన్ కొనాలో దుకాణదారు చెప్పనక్కర్లేదు.

గన్‌తో పాటు 25, 30, 50 మి.మీ. మేకుల పెట్టెలు ఒక్కొక్కటి, ఒక జత రక్షణ కళ్లద్దాలు కూడా ఇవ్వండి. అనుభవమున్న ఒక ఉస్తాద్ దగ్గర రెండు రోజులు తుక్కు చెక్క మీద సాధన చేయించండి. అప్పుడే ఆ పనిముట్టు అతని చేతిలో పూర్తిగా అతనిదవుతుంది.