వేరు కాపురం లెక్కలు

మన లంక గ్రామాల్లో అన్నదమ్ములు వేరుపడేటప్పుడు పెద్దమనుషులు ముందు అప్పు కాగితాలు తెమ్మంటారు. ఆ పైననే కొబ్బరితోట, వరిచేను, పెంకుటిల్లు. రాష్ట్రాలూ దేశాలూ వేరుపడేటప్పుడు మాత్రం ఈ వరుస తిరగబడుతుంది. ముందు "మన సొమ్ము మనకే" అన్న నినాదం, ఎప్పుడో చివర అప్పుల చిట్టా. ఆ రెంటి నడుమ ఏమి జరుగుతుందో పరిశీలించడమే ఈ చిన్న వ్యాసం ఉద్దేశం.

ముందు దూరపు ఉదాహరణ. 1970ల్లో ఉత్తర సముద్రంలో చమురు దొరికిన తరువాత స్కాట్లాండులో స్వాతంత్ర్యవాదులకు ఒక బలమైన వాదం చిక్కింది. చమురు మీద పన్ను లండన్ ఖజానాకు పోతోంది, అది మా దగ్గరే ఉంటే మాకేం తక్కువ అన్నారు. అవతలివారు ఊరుకుంటారా? ఇక్కడ తలసరి ప్రభుత్వ వ్యయం ఇంగ్లండు కంటె ఎక్కువ, పౌండు మీ ఒక్కరిదీ కాదు, చమురు ధర అసలే మీ చేతిలో లేదు అన్నారు. 2014 సెప్టెంబరు 18న ప్రజాభిప్రాయం తీసుకుంటే 55 శాతం పైచిలుకు ఓటర్లు వేరుపడవద్దన్నారు. అంతకు ముందు సంవత్సరం వేసిన అంచనాల్లో బారెలు ధర 110 డాలర్ల చుట్టూ ఉంటుందనుకున్నారు. ఓటింగు అయిన నాలుగు నెలలకే అది 50 డాలర్ల లోపుకు పడిపోయింది! దీనితో వాదం తేలిపోయిందని అనుకోరాదు. కాని అక్కడ గమనించదగ్గ విషయం వేరే ఉంది. స్కాట్లాండు రాబడి ఎంత, ఖర్చు ఎంత అన్న లెక్కను 1992 నుండి ప్రభుత్వమే ప్రచురిస్తోంది. కొట్లాడుకున్నా, అందరి ముందున్న ఒకే పుస్తకం మీద కొట్లాడుకుంటారు.

మనకు ఆ పుస్తకం లేకపోయింది. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఏర్పడిన ఆంధ్ర రాష్ట్రానికి మొదటినుండీ డబ్బుకు కటకటే. 1955లో ఫజల్ అలీ కమిషన్ ఈ సంగతి దాచకుండానే రాసింది. తెలంగాణకు భూమిశిస్తు అధికం, ఆబ్కారీ మీద ఏటా సుమారు 5 కోట్ల రాబడి. కనుక వేరుగా ఉన్నా దానికి ఇబ్బంది లేదు. కలిస్తే తమ మిగులు ఆంధ్రకు మళ్లిపోతుందన్న భయం అక్కడివారికి ఉందనీ చెప్పింది. కలయిక వలన లాభాలనూ ఒప్పుకుంది. ఆంధ్రలో బొగ్గు లేదు, సింగరేణి నుంచి వస్తుంది. తెలంగాణకు తిండిగింజల కొరత, ఆంధ్ర తీరుస్తుంది. కృష్ణా గోదావరులు ఒక అధికారం కిందికి వస్తాయి. ఇవేమీ తీసిపారేయదగ్గవి కావు.

1956 ఫిబ్రవరి 20న జరిగిన పెద్దమనుషుల ఒప్పందం ఈ భయానికి విరుగుడుగా రాసుకున్నదే. ఉమ్మడి పరిపాలన ఖర్చు దామాషా ప్రకారం పంచుకోవాలి, తెలంగాణలో మిగిలిన రాబడి తెలంగాణకే ఖర్చు పెట్టాలి. షరతు చక్కనిదే. మరి ఏటా లెక్క కట్టేదెవరు, తప్పితే అడిగేదెవరు? 1969లో ఉద్యమం భగ్గుమన్నాక గాని మిగులు ఎంతో తేల్చడానికి కమిటీలు పుట్టలేదు. పదమూడేళ్ల తరువాత అన్నమాట. లలిత్ కుమార్ కమిటీ ఒక అంకె చెప్పింది, జస్టిస్ భార్గవ కమిటీ మరొకటి చెప్పింది. ఉమ్మడి ఖర్చును ఏ పద్దులో వేశారన్న దానిని బట్టి మిగులు పెరుగుతుంది, తరుగుతుంది. ఈలోగా నమ్మకం కాస్తా పోయింది. 1972లో ముల్కీ నిబంధనలను సుప్రీంకోర్టు సమర్థించేసరికి కోస్తాలోనూ ఇదే వాదం తిరగేసి వినిపించింది. రాజధానిలో ఉద్యోగానికి పరాయివాళ్లమైతే ఆ రాజధానికి మన డబ్బెందుకు? జై ఆంధ్ర ఉద్యమంలో కాలేజీలు మూతపడిన ఆ రోజులను మన పూర్వవిద్యార్థులు ఇప్పటికీ చెబుతారు.

చివరికి 2014 జూన్ 2న విభజన జరగనే జరిగింది. హైదరాబాదు రాబడి అంతా తెలంగాణదేనా అని కోస్తావారు అడిగారు. కంపెనీల ప్రధాన కార్యాలయాలు అక్కడ ఉన్నందున, సరుకు మన ఊళ్లో అమ్ముడైనా పన్నులో కొంత ఆ లెక్కలో పడుతూ వచ్చిన మాట నిజం. నాలుగు వందల ఏళ్ల నగరం మీరొచ్చాక పుట్టిందా అని వారడిగారు. అదీ నిజమే. చట్టం ఏం చేసిందంటే, స్థిరాస్తులు ఎక్కడివి అక్కడే అంది, అప్పులు జనాభా ప్రకారం అంది. అనగా అప్పులో 58.32 శాతం మన వాటా, రాజధాని వారిది. పెంకుటిల్లు ఒకరికి, ప్రోనోటు ఇద్దరికీ! తొలి పది నెలల రెవెన్యూ లోటు 16,078 కోట్లని రాష్ట్రం చెబితే, రుణమాఫీ వంటివి తీసివేసి సుమారు 4,118 కోట్లే అని కేంద్రం అంది. మళ్లీ రెండు అంకెలు. 2023లో గాని సుమారు 10,460 కోట్లు విడుదల కాలేదు. అట్లని తెలంగాణకు మిగులు శాశ్వతమైందా అంటే అదీ లేదు. 2023 డిసెంబరులో అక్కడి కొత్త ప్రభుత్వం శ్వేతపత్రంలో అప్పు 6 లక్షల 71 వేల కోట్లు దాటిందని చూపింది. పాత ప్రభుత్వం వారు ఆ లెక్కను ఒప్పుకోలేదు.

ఇక మన గుమ్మంలోకి వద్దాం. నరసాపురంలో 1978లో తవ్విన బావితో మొదలై రాజోలు, తాటిపాక, పాశర్లపూడి దాకా గ్యాసు పడింది. రాజ్యాంగం ప్రకారం సముద్రంలో దొరికినది కేంద్రానిది. నేల మీద దొరికిన దానికి రాయల్టీ రాష్ట్ర ఖజానాకు వెళుతుంది, జిల్లాకు కాదు. మరి పాశర్లపూడిలో 1995 జనవరి 8న అంటుకున్న మంట 65 రోజులు మండినప్పుడు దాని వేడి తగిలింది ఎవరికి? 2014 జూన్ 27న నగరంలో, కొండపల్లి వైపు పోయే గొట్టం పేలి ఇరవై మందికి పైగా చనిపోయారు. కొత్త రాష్ట్రం వచ్చి అప్పటికి పాతిక రోజులు.

ఈ లెక్కన స్కాట్లాండు వాదాన్ని కోనసీమ కూడా చెప్పవచ్చు. చెబితే మాత్రం ధవళేశ్వరం నుండి వచ్చే కాలువ నీరు, ఖజానా నుండి వచ్చే జీతాలు కూడా చిట్టాకెక్కుతాయి. 2022లో జిల్లా వేరయినా ఆ ముడులు వీడలేదు. మిగులు వాదానికి హద్దు ఎక్కడో అది తనంతట తాను చెప్పలేదు. నేడు జిల్లా, రేపు మండలం. నా మట్టుకు, వేరుపడడం కంటె ముందు అడగవలసింది గొట్టం ఎవరి పెరట్లో నుంచి పోతోందో వారి వాటా. దానికి కొత్త సరిహద్దులు అక్కరలేదు, రాసుకున్న మాట నిలబెట్టే యంత్రాంగం కావాలి. 1956లో లేకపోయింది సరిగ్గా అదే.

మన ఎకనామిక్స్ విద్యార్థులకు ఒక పని సూచిస్తాను. రాష్ట్ర బడ్జెట్ పుస్తకాలలో రాయల్టీ పద్దు వెతికి, పదేళ్ల అంకెలు ఒక వరుసలో, ఆ ఊళ్లలో రోడ్లకు, ఆసుపత్రులకు అయిన ఖర్చు పక్క వరుసలో వేసి, వచ్చే సంవత్సరం సంచికకు పంపండి.