పొగ త్రాగనివారికి ఊపిరితిత్తుల క్యాన్సర్: పుట్టుకతో వచ్చే ఒక లోపం

ఊపిరితిత్తుల క్యాన్సర్ అనగానే మనకు చుట్ట, బీడీ, సిగరెట్టు గుర్తుకు వస్తాయి. కాని పొగ వాసనయే ఎరుగని యువతీయువకులలో, అరుదుగా పసిపిల్లలలో సైతం, ఈ వ్యాధి కనిపించిన సందర్భాలు కలవు. వాటిలో కొన్నింటికి మూలం తల్లి గర్భంలోనే ఉన్నది.

పిండదశలో శ్వాసనాళం చెట్టుకొమ్మలవలె చీలుతూ పోయి చివరకు గాలిగదులుగా ముగుస్తుంది. ఈ చీలిక ఒకచోట గాడి తప్పినచో అక్కడ తిత్తులు ఏర్పడతాయి. చిన్, టాంగ్ అను ఇరువురు 1949లో దీనిని వర్ణించారు. 1977లో అమెరికన్ పాథాలజిస్టు థామస్ స్టాకర్ మూడు రకాలుగా విభజించాడు. తరువాత అవి ఐదయ్యాయి. నేటి పేరు కంజెనిటల్ పల్మనరీ ఎయిర్‌వే మాల్ఫార్మేషన్, క్లుప్తంగా సీపామ్.

పెద్ద తిత్తులుండే మొదటి రకమే మనకిక్కడ ముఖ్యం. ఆ తిత్తుల గోడలలో జిగురు స్రవించే కణాలు గుంపులుగా ఉంటాయి. వాటిలో, క్యాన్సర్ ఇంకా రాకముందే, కేరాస్ అను జన్యువు మారి ఉండడం తరచుగా కనబడింది. కేరాస్ ప్రోటీను కణవిభజనకు ఒక స్విచ్చి వంటిది. దాని 12వ స్థానంలోని గ్లైసీన్ పోయి ఆస్పార్టిక్ ఆమ్లమో, వాలీనో వచ్చి కూర్చుంటే ఆ స్విచ్చి ఆరదు. ఏళ్ల తరబడి వెలుగుతూనే ఉండి, కొందరిలో జిగురు స్రవించే ఎడినోకార్సినోమాకు దారి తీస్తుంది. 2013లో కెవన్ షోకట్ బృందం కేరాస్‌పై మందు ఇమడగల గుంటను కనుగొన్నది. 2021లో సోటోరాసిబ్‌కు అమెరికాలో అనుమతి లభించింది. అయితే ఆ మందు 12వ స్థానంలో సిస్టీన్ ఉన్నప్పుడే, దాని గంధకంతో బంధం ఏర్పరచుకొని పనిచేస్తుంది. సీపామ్‌లో సాధారణంగా కనిపించే మార్పులకు అది తాళంచెవి కాదు.

మరొక చిక్కు కలదు. ప్లూరోపల్మనరీ బ్లాస్టోమా అను శైశవ క్యాన్సర్ తొలిదశలో అచ్చం సీపామ్ తిత్తివలెనే ఉంటుంది. స్కానులో రెంటినీ వేరు చేయుట కష్టం. దీనికి డైసర్-1 జన్యులోపం కారణమని 2009లో ఆష్లీ హిల్ బృందం నిరూపించింది.

నేడు ఈ దేశంలో 20వ వారపు అల్ట్రాసౌండులోనే అనేక తిత్తులు బయటపడుతున్నవి. నెలలు నిండేసరికి అవి మాయమైనట్లు తోచినా నమ్మరాదు. పుట్టిన తరువాత తీసే సీటీ స్కానులో తరచు మళ్లీ కనిపిస్తాయి. ఏ బాధా లేని బిడ్డకు శస్త్రచికిత్స చేయవలెనా, కనిపెట్టి ఉండవలెనా అనే విషయంలో వైద్యులలో ఏకాభిప్రాయం లేదు. క్యాన్సర్‌గా మారే అవకాశం స్వల్పమే. అయినను, పెద్ద తిత్తి విషయంలో తీసివేయుటే మేలనే వాదం నాకు బలంగా తోస్తుంది; కనిపెట్టి ఉండదలచినవారు ఏళ్ల తరబడి స్కానులు మానరాదు.

వైద్యుని వద్దకు పోవుటకు ముందు స్వదేశంలోని పెద్దలకు ఒకసారి ఫోను చేయండి. దగ్గరి బంధువులలో ఎవరికైనా చిన్నవయసులోనే థైరాయిడ్ గడ్డలుగాని, మూత్రపిండంలో తిత్తులుగాని ఉండెనా అని అడగండి. అవి డైసర్-1 లోపానికి ఆనవాళ్లు కావచ్చును.